సగం గడ్డం గీసి చెప్పిన మాట

పోయిన వారం ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. “సారూ, సెలూన్ మామ పోయిండు. పొద్దున చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు” అన్నారు అవతలి నుంచి. ఎవరితోనూ చాకిరీ చేయించుకోకుండా వెళ్ళాడని సంతోషించాలో, ఇక లేడని ఏడవాలో తెలియలేదు. కామారెడ్డి బస్టాండుకు వెళ్ళి బస్సెక్కాను. దారి పొడుగునా నవ్వొచ్చే సంగతులే గుర్తుకొచ్చాయి. అవి మీకూ చెప్పాలనిపించింది.

తొంభైల నడుమ నేను ఎల్లారెడ్డిలో కొత్తగా చేరిన హెల్త్ వర్కర్ని. ఎయిడ్స్ గురించి చెప్పడం, నిరోధ్‌లు పంచడం నా పని. మీటింగ్ పెడితే ముసలివాళ్ళు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. పంచిన ప్యాకెట్లు పిల్లల చేతుల్లో గాలి బుగ్గలై ఎగిరేవి. ఒకరోజు గడ్డం గీయించుకుంటూ ఆ గోడు మామ దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఊరందరికీ ఆయన మామే. వరసలు ఎవరూ లెక్క చూసేవారు కాదు.

ఆయన చెయ్యి ఆపకుండా అన్నాడు: “మీటింగుల కూసుంటే పక్కోడు చూస్తడు సారూ. నా కుర్చీల కూసుంటే అద్దం ఒక్కటే చూస్తది. ఆ డబ్బా నాకియ్యి.”

నిరోధ్ ప్యాకెట్ల డబ్బా ఇచ్చాను. దుకాణం వెనక, చేతులు కడుక్కునే చోట, తెర చాటున దాన్ని పెట్టాడు. కావలసినవాళ్ళు అడగక్కర్లేదు, వెళ్ళి తీసుకోవడమే. ఎవరు తీసుకున్నారో నన్ను అటు తిరిగి చూడవద్దన్నాడు. అప్పటికే మనిషి మనిషికీ కొత్త బ్లేడు వేసేవాడు. “పాతది మంచిగనే ఉంది గద మామా?” అని ఎవరైనా అంటే చాలు, మాట అందుకునేవాడు. బ్లేడుకంటిన రక్తం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పడకటింటి దాకా వెళ్ళేవాడు. అదీ సగం గడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి. సగం గడ్డంతో ఎవరు లేచిపోగలరు!

లేచిపోయినవాడు ఒక్కడే. నాగ్‌పూర్ వైపు లారీ నడిపే డ్రైవరు. ఆ రోజు నేను అక్కడే బెంచీ మీద ఉన్నాను. మామ మాట ఎత్తగానే, “నేనేమన్న రోగిష్టోన్నా?” అని నురగ ముఖంతోనే బజార్లోకి నడిచాడు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వారట. మామ మాత్రం నవ్వలేదు. తడిగుడ్డతో అతని ముఖం తుడిచి, “భయమైతుందా అల్లుడా?” అని అడిగాడు.

ఆ మాటకు అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనతో తిరిగిన క్లీనరు ఆ జబ్బుతోనే పోయాడట. “తెల్వక కాదు మామా. మెడికల్ షాపుల మా బామ్మర్ది కూసుంటడు, ఎట్ల అడగాలె? దోస్తులకు తెలిస్తే నువ్వు మగోడివేనా అంటరు. ఇంట్ల వాడుదామంటే, ఇప్పుడెందుకని ఆమె అడుగుతది. ఏం చెప్పాలె?”

“బిడ్డ చిన్నగున్నది, ఇప్పుడే ఇంకొకరు వద్దని చెప్పు” అన్నాడు మామ. నాకూ అది మంచి ఉపాయమే అనిపించింది.

మామకు అన్నం గిన్నె తెచ్చిన అత్త, ఆయన భార్య, గడప దగ్గరే ఆగి అంతా విన్నది. “గట్ల చెప్తవేంది? పానం ఆమెకు గూడ ఉన్నది. ఆమెకు తెల్వాలె” అంది.

మామ గిన్నె అందుకుంటూ, “మీ అత్త చెప్పిందే సరి. ముందుగాల రక్తపరీక్ష. ఇంట్ల గూడ చెప్పు” అన్నాడు.

అతన్ని నిజామాబాద్‌లో పరీక్షకు నేనే తీసుకెళ్ళాను. జబ్బు లేదన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించినా లేదన్నారు. కానీ ఈలోగా అతను ఇంట్లో నిజం చెప్పాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని రామారెడ్డిలోని తల్లిగారింటికి వెళ్ళిపోయింది. మామకు ముద్ద దిగలేదు. “సంసారం కూలగొట్టినమా సారూ?” అని నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు.

చివరికి అత్తే రామారెడ్డి వెళ్ళి ఆమెతో ఒక పూటంతా కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సెలూన్ ముందు రామారెడ్డి నుంచి కాపురానికి తిరిగొచ్చిన ఆ డ్రైవరు భార్య నిలబడింది. ఆడవాళ్ళు ఆ గడప దగ్గరికి వచ్చేవారే కాదు. కుర్చీలో ఉన్న మనిషి గాబరాగా లేచాడు. ఆమె తల వంచుకోలేదు.

“మామా, ఆ డబ్బా ఖాళీ గానియ్యకు” అని చెప్పి వెళ్ళిపోయింది.

ఊళ్ళోని మగవాళ్ళందరికీ పాఠాలు చెప్పిన మామకు ఆ పూట చెవులు ఎర్రబడ్డాయి. తరవాత చాలా రోజులు ఒకటే మాట అనేవాడు: “సిగ్గు మంచిదే సారూ. పానం కంటె పెద్దదైతే కాదు.” ఆ జబ్బు పడ్డవాళ్ళు వచ్చినా అదే కుర్చీలో కూర్చోబెట్టేవాడు, అవే కబుర్లు చెప్పేవాడు.

ఆయన పోయినందుకు ఎల్లారెడ్డిలో సెలూన్లన్నీ మూడు రోజులు మూసేశారు. మూడో రోజు తిరిగి వచ్చేటప్పుడు అక్కడి బస్టాండులో చూశాను. నల్లవీ, నెరిసినవీ, మాసిన గడ్డాలతో మగవాళ్ళు వరసగా నిలబడి, చెంపలు గోక్కుంటూ, కామారెడ్డి సెలూన్లకు పోదామని బస్సు కోసం ఎదురుచూస్తున్నారు.