అక్కగారి వేళ్ళకు తెలిసిన కీబోర్డు

అమలాపురంలో కోర్టు దగ్గర మాకు చిన్న టైపింగు షాపు ఉంది. దస్తావేజులు, పెళ్ళికార్డులు, చర్చిలో జ్ఞాపకార్థ కూడికల కాగితాలు చేస్తాం. మా నాన్న షాపు పెట్టిన నాటి నుంచీ టైపు చేసింది ఒక్కావిడే. ఆవిడది అల్లవరం దగ్గర పల్లె, భర్త పోయారు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కగారూ అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడుగారూ అనేవారు. చిన్నప్పుడు టైపు మిషను మీద నేర్చిన అక్షరాల వరసే మా తెలుగు సాఫ్ట్‌వేరులోనూ ఉండేది, కంప్యూటరు మీదా అలాగే కొట్టేవారు. చూపు ఎప్పుడూ కాగితం మీదే ఉండేది. కీబోర్డు వైపు చూడగా నేను ఎరగను.

నిరుడు మా పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావు, దాంతో నెట్ వాడితే ప్రమాదమన్నారు. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. పగలు షాపు పని, సాయంత్రం మా అమ్మాయి కాలేజీ పని దాని మీదే. మెకానిక్కుని పిలిపించాను.

"కొత్త విండోస్‌ని ఇది మోయలేదండి, వేరే సిస్టం కొనుక్కోవాలి. లేదంటే విండోస్ బదులు లినక్స్ అని ఇంకోటి ఉంది, దీనిమీదే వేసేస్తాను, ఊరికే వస్తుంది. అదీ వద్దంటే నెట్ పీకేసి ఇలాగే వాడుకోండి. కొత్తది ఏది వేసినా మీ పాత తెలుగు సాఫ్ట్‌వేరు మాత్రం పనిచెయ్యదండి" అన్నాడు.

నెట్ లేకపోతే మాకు జరగదు. అందరూ మేటరు వాట్సాప్‌లోనే పంపిస్తారు. అమ్మాయిని అడిగితే లినక్స్‌లో తన పనులన్నీ అవుతాయంది. సరే, వేసెయ్యమన్నాను. అక్కగారు పక్కనే కూర్చుని కార్డులు మడత పెడుతున్నారు. ఆవిణ్ణి ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

సోమవారం వచ్చి కూర్చుని 'శ్రీ' కొట్టారు. ఇంకేదో పడింది. మీటల మీద అక్షరాల స్టిక్కర్లు అంటించాను. ఆవిడ తల వంచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్క వేలితో పొడిచేవారు. పూటలో అయ్యే దస్తావేజుకి రెండు రోజులు పట్టేది.

మూడో వారం ఒకాయన జ్ఞాపకార్థ కూడిక కాగితాలు వెనక్కి తెచ్చారు. చనిపోయినావిడ పేరు తప్పుగా పడింది.

"మా అమ్మ పేరండి ఇది" అన్నారు.

ఆయన ఎదుటే నేను, "చూసుకోవద్దా అక్కగారూ?" అన్నాను. ఆవిడ లేచి నిలబడి ఆయనకి దణ్ణం పెట్టారు.

మర్నాడు రాలేదు. ఫోన్ చేశారు. "నా వేళ్ళు నా మాట వినట్లేదండి తమ్ముడుగారూ. ఎవరినన్నా చూసుకోండి."

ఉండమని అనవలసింది. "మీ ఇష్టమండి" అన్నాను.

ఆ తర్వాత నేనే నేర్చుకుని కొట్టుకుంటున్నాను. నాలుగైదు నెలలకి ప్రింటరు బాగుచేయడానికి మెకానిక్కు వచ్చాడు.

"టైపు చేసే ఆవిడేరండి?"

చెప్పాను. అతని మొహం వాడిపోయింది. "అయ్యో, ఆ పాత వరస ఇందులోనూ పెట్టొచ్చండి. అరగంట పని. ఆవిడకి అదే కావాలని మీరు నాకు చెప్పలేదు కదండి!"

ఆ పూటే పెట్టించి, మర్నాడు అల్లవరం వెళ్ళాను. ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డులో చేరారని ఇంటి పక్కవాళ్ళు చెప్పారు. భోజనాల వేళ బయటకి వచ్చారు. వేళ్ళు తెల్లగా నాని, చివర్లు పగిలి ఉన్నాయి. విషయం చెప్పాను.

"ఆయ్, సంతోషమండి" అన్నారు. కాసేపు చేతులు చూసుకున్నారు. "పొద్దస్తమానం ఐసులో పెట్టి ఇవి మొద్దుబారిపోయేయండి. పొద్దున్నే టీ గ్లాసు కూడా చేతిలో నిలవట్లేదు."

"తగ్గేక రండి అక్కగారూ. కుర్చీ అలాగే ఉంది."

"అమ్మాయి బాగా చదువుతుందాండి?" అని అడిగారు. బాగానే చదువుతోందన్నాను. లోపల్నుంచి ఎవరో కేకేస్తే వెళ్ళిపోయారు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మర్యాదగానే మాట్లాడారు గానీ, షాపుకి వచ్చే మాట ఎత్తలేదు. మూడోసారి చెయ్యడానికి నాకే మొహం చెల్లలేదు.