తిరగబడిన అట్ట

రెండో తరగతికి కోడింగ్ చెప్పేటప్పుడల్లా ముదిగుబ్బ బస్సులో నా పక్కన కూర్చున్న నేతగాడు గుర్తొస్తాడు. సంచిలోంచి చిల్లుల అట్ట ఒకటి తీసి చూపించాడు. ఏ దారం లేపాలో మగ్గానికి చెప్పేవి ఆ చిల్లులే.

"చీర అంచులో హంస ముక్కు చెడిపోతాండె అక్కా. తప్పు యాడుందో నాకు దొరకలే. మా పాప రెండో తరగతి. బడిలో బాణం గుర్తులతో కోడింగ్ ఆట ఆడిస్తారంట. ఈ అట్ట పట్టుకొని, 'నాయనా, మిషన్‌కు తిరగేసి చెప్పినావు' అనింది. నిజమే, అట్టల వరసలో దీన్ని తిరగేసి కుట్టినా! మగ్గానికి వేరే అట్ట చిల్లులు కొట్టించి, దీన్ని అందరికీ చూపియ్యాలని నాకాడే పెట్టుకున్నా."

"నేను టీచర్నే. మా పిల్లలకు చూపిస్తాను, ఇస్తారా?" అన్నాను.

సంతోషంగా నా చేతిలో పెట్టాడు. తన ఊరు రాగానే మళ్లీ తీసేసుకున్నాడు.

"ఏమనుకోవద్దు మేడం. మా మామ ఇంకా చూళ్లేదు."