తప్పు ఎతికినోని పేరు చెప్పిన అన్న

మొన్న పొద్దుగాల నల్లగొండ నుంచి ఫోనొచ్చింది. "అన్న పోయిండు సార్." మునిసిపల్ ఆఫీసుల నాతోని ఏండ్లకేండ్లు పనిచేసిన ఇంజనీరు అన్న. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అబద్ధమెందుకు, ఆ ఎనకనే "ఇగ పోటీ లేదు" అన్న మాట కూడ మనసుల మెదిలింది. రిటైరైనంక కూడ!

తెలంగాణ వచ్చిన కొత్తల, బిల్డింగు రూల్సు మార్చనీకి హైదరాబాద్‌ల కమిటీ ఏసిన్రు. మా ఆఫీసు నుంచి ఒక్కరినే పిలిచిన్రు. అన్ననే. ప్లాను గియ్యుడు నాదే సాఫ్‌గ ఉంటదని అందరనేటోళ్లు. పిలుపు మాత్రం ఆయనకొచ్చింది. ఆ వారమంత నాకు బువ్వ సయించలే.

దవాఖాన మెట్ల రూల్సు రాసుడు ఆయన వంతుకొచ్చింది. హైదరాబాద్ పోయే ముందు టేపు పట్టుకొని, నన్ను ఎంటేసుకొని దవాఖానలన్ని తిరిగిండు. మోకాలు పట్టుకొని మెట్లెక్కుతున్న ఒక అవ్వను ఆపి, "ఏ మెట్టు కాడ నొస్తాంది అవ్వా?" అని అడిగిండు. నాకు నవ్వొచ్చింది.

"కాయిదం మీద రాసేటిదానికి గింత తిరుగుడా అన్నా?"

"రాసేది మనం కుర్సీల కూసోనే తమ్మీ. ఎక్కాల్సింది గా అవ్వ."

కొన్ని నెలలకు ముసాయిదా బయటపెట్టి, అభ్యంతరాలుంటే రాయుమన్నరు. ఆయన రాసిన భాగంల తప్పు పట్టాలనే కూసున్న. దొరికింది. చిన్న దవాఖానల మెట్లకు ఆయన పెట్టిన వెడల్పుల స్ట్రెచరు మలుపు తిరగదు. పేరు పెట్టకుండ, ఘాటుగ రాసి పోస్టుల ఏసిన.

కమిటీ మీటింగు నుంచి రాంగనే అన్న సక్కగ నా టేబులు కాడికొచ్చిండు.

"నీ ఉత్తరం నేనే సదివి వినిపించిన తమ్మీ. నాది తప్పే. వెడల్పు పెంచిన్రు."

"నాదని ఎట్ల తెలిసింది?"

"నీ దస్తూరి నాకు తెల్వదా? అక్కడ నీ పేరు కూడ చెప్పిన."

గప్పుడు ఇంకింత మండింది. తప్పు ఒప్పుకునే గుండె కూడ ఆయనకే ఉండె. అటెన్క ఎప్పుడు సవరణలొచ్చినా కాయిదాలు నా ముందటేసి, "తిట్టు తమ్మీ, నీ తిట్లకు నిలబడ్డ రూలే రూలు" అనేటోడు. తిట్టిన. ఒక్కనాడన్న మెచ్చుకోలే.

ఆఖరి సూపుకు పోతే, ఆయన కింద పనిచేసిన కూలి అడ్డా మీది మేస్త్రీలు పని ఇడిసిపెట్టి వచ్చి ఉన్నరు. పాడె వాళ్లే ఎత్తిన్రు. "జర నన్ను పట్టనియ్యుండ్రి" అని అడిగిన.

"మా వంతు కానియ్యుండ్రి సారూ" అన్నడొక మేస్త్రి, నా దిక్కు చూడకుండనే.

ఎనక నడిచిన. పచ్చి వెదురు మీద సిమెంటు వేళ్ల గుర్తులు, ఒకదాని మీద ఒకటి.