తాయెత్తులో సిమ్ము

మా పెదనాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే తాతకు ఒక అలవాటుండేది. మాట్లాడడం అవగానే ఫోన్‌లోని సిమ్ము తీసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మెడలోని తాయెత్తులో పెట్టి మూత బిగించేవాడు.

"లోపలుంటే ఛార్జింగంతా తాగేస్తాది అబ్బయా. ఈడైతే ఎవడూ కొట్టేయడు," అనేవాడు.

రొయ్యలకు గాలి కొట్టే యంత్రాలకు కరెంటుంది. ఆయన గుడిసెకు లేదు. ఛార్జింగుకు ఊళ్లోకి నడిచి రావాలి.

తుపాను రోజు కట్ట తెగేలా ఉందని పెదనాన్న పొద్దుటినుంచీ తాతకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కలవలేదు. కట్ట తెగింది. నీళ్లు తగ్గాక తాత శవం దొరికింది. తాయెత్తు విప్పితే సిమ్ము తడవనే లేదు.

"ఎన్నిసార్లు చేసినానో! కలవకపోతే నేనేం చేసేది?" అన్నాడు పెదనాన్న, తాత భార్యతో.

పెదనాన్న మిద్దె ఎక్కితే ఆ గుడిసె కనిపించేది.