కిటికీ అవతలి తమ్ముడు

కలోలైనేకి ఆ ఇంగ్లీషు పుస్తకం ముట్టుకోవాలంటేనే రోత. నిగనిగలాడే అట్ట, దాని మీద పళ్ళికిలిస్తూ నలుగురు మనుషులు. లోపల పాఠానికో విషయం, విషయానికో మూట కొత్త మాటలు. ఒక పాఠంలో ఎవరో కుక్కకి పుట్టినరోజు చేసి కేకు కోస్తారు. ఇంకో పాఠంలో పక్కింటి కోడి కూతకి నిద్ర పట్టడం లేదని మర్యాదగా ఫిర్యాదు రాయాలి. కోడి కూయక పాటలు పాడుతుందా అని ఆవిడ ఇంట్లో మొగుడి మీద విరుచుకుపడింది. పాపం, సెమీసీకి ఆ కోడితో ఏ సంబంధమూ లేదు. టోంగా దీవుల్లో పుట్టి పెరిగిన మనిషెవరైనా ఆ పుస్తకాన్ని దొడ్లో పందుల ముందు పడేసి చేతులు కడుక్కుంటారు. కలోలైనే మాత్రం దాన్ని చంకన పెట్టుకుని, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు అక్కడి మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, వారానికి రెండు సాయంత్రాలు చర్చి హాల్లో జరిగే కోర్సుకి నడిచేది. ఎందుకంటే ఆవిడకి ఆరో తరగతి కావాలి.

ఆవిడ పనిచేసే బడిలో ఆరో తరగతి చెప్పడమంటే మాటలు కాదు. పెద్ద బడికి పోయే పరీక్ష అక్కడే రాయాలి, ఊరు ఊరంతా ఆ టీచరు వైపే చూస్తుంది. ఏళ్ళ తరబడి ఆ తరగతి కలోలైనేదే. ఈ ఏడు ప్రిన్సిపాలుగారు పిలిచి, ఉన్నత ఇంగ్లీషు కోర్సు పాసైనవాళ్ళకే ఇకమీదట ఆరో తరగతి ఇస్తామని, కానివాళ్ళు చంటిపిల్లల గదికి మారాలని చల్లగా చెప్పాడు. చంటిపిల్లల ముక్కులు తుడవడం చిన్నతనం కాదని కూడా అన్నాడు. ఆయన మాత్రం ఏనాడూ ఒక్క ముక్కూ తుడిచిన పాపాన పోలేదు.

కోర్సు చెప్పే మెరిడిత్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మంచి పిల్ల. తిట్టడానికి వీల్లేనంత మంచి పిల్ల, అదే చిక్కు. మర్యాదగా మాట్లాడటం, మామూలుగా మాట్లాడటం అని బోర్డు మీద రెండు గళ్ళు గీసి చూపిస్తుంటే కలోలైనేకి ఒళ్ళు మండేది. రాజుగారు భోంచేస్తే ఒక మాట, దొరలు భోంచేస్తే ఇంకో మాట, మనం తింటే వేరే మాట అని నడక రాకముందే నేర్చుకున్న జాతికి ఈ పిల్ల రెండు గళ్ళలో మర్యాద నేర్పుతోంది.

రెండో వారం సియోసాయా వచ్చి చేరాడు. ఓడరేవులో సుంకం గుమస్తా. పాసైతే ఎండలో పెట్టెలు లెక్కపెట్టే పని తప్పి, మేడ మీద ఫ్యాను కింద కుర్చీ దొరుకుతుంది. అతను కలోలైనేకి పిన్ని కొడుకు, అంటే తమ్ముడే. అక్కడ ఊహ తెలిసిన తమ్ముడు అక్క ఉన్న గదిలో కాళ్ళు చాపుకుని కూర్చోడు, ఆవిడ వింటుండగా ప్రేమలూ పెళ్ళిళ్ళూ సరసాలూ ఎత్తడు. ఎవరైనా నోరు జారబోతే, అక్కాతమ్ముళ్ళున్నారు అని పక్కవాళ్ళు ఒక్క మాట అంటారు. అంతటితో నవ్వులన్నీ ఆగిపోతాయి.

గుమ్మంలో అడుగు పెట్టబోయి అక్కని చూశాడు సియోసాయా. తల దించుకుని వెనక్కి తగ్గి, వరండాలో అద్దపు రెక్కల కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ అతని చోటు అదే. మెరిడిత్ ప్రశ్న అడిగితే రెక్కల సందులోంచి జవాబు వచ్చేది, అదీ తప్పుల్లేకుండా. కలోలైనేకి లోపల గర్వంగా ఉండేది. ఆ హాలు మొత్తంలో ఆవిడకి రోత పుట్టించనిది ఆ కిటికీ ఒక్కటే.

మెరిడిత్ మాత్రం అతనికి సిగ్గనుకుంది. ఒక సాయంత్రం వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. అతను చెమటలు కక్కుతూ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"వాణ్ణి బయటే ఉండనీ అమ్మా. నాకు తమ్ముడవుతాడు" అంది కలోలైనే.

"అవునా! అయితే పక్కపక్కనే కూర్చోండి. ఇక్కడ మనమంతా ఒకే కుటుంబం కదా."

"కుటుంబం కాబట్టే చెబుతున్నా."

తరగతి అయ్యాక ఆచారమంతా విడమరచి చెప్పింది. మెరిడిత్ కళ్ళు మెరిశాయి. ఎంత ఆసక్తికరంగా ఉందోనని, వచ్చే వారం దీని మీదే చర్చ పెట్టుకుందామని అంది. కలోలైనే పుస్తకం చంకన పెట్టుకుని లేచింది. వీళ్ళ చేతికి ఏది దొరికినా పాఠమే, ఆఖరికి మనిషి సిగ్గు కూడా. ఆ చర్చ పెడితే రానని తెగేసి చెప్పాక ఆ పిల్ల నొచ్చుకుని, సియోసాయాని మళ్ళీ వరండాకి వదిలేసింది.

పరీక్ష నాటికి ఊరు ఎండిపోయి ఉంది. వాన మొహం చూసి వారాలైంది. ఇంటి ట్యాంకులో చుక్క లేక ఆ పొద్దున సెమీసీ చర్చి బావి నుంచి బకెట్లు మోశాడు. పరీక్ష పెట్టే ఆయన విమానం దిగి నేరుగా హాలుకొచ్చాడు. మాట్లాడే పరీక్ష ఇద్దరిద్దరికి. ఆయన తనకి తోచిన జంటలు కట్టి కలోలైనే, సియోసాయా అని పిలిచాడు. మెరిడిత్ ఆయనకి ముందే చెప్పాల్సింది, మరిచిపోయింది.

బల్ల మీద బోర్లించిన చీటీల్లోంచి ఆయనే ఒకటి తీసిచ్చాడు. మీ తొలి ప్రేమ గురించి ఒకరినొకరు అడిగి తెలుసుకోండి అని ఉంది. సియోసాయా చదివి, చీటీని ఎక్కడిదక్కడ బోర్లించాడు. "నా దగ్గర చెప్పడానికేం లేదండీ, క్షమించాలి" అని శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పి, అక్క వైపు చూడకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆయన కాగితం మీద అడ్డంగా గీత పెట్టాడు. మేడ మీది కుర్చీ ఆ గీతతో పోయింది.

"మీరు మాట్లాడతారా, మీరూ వెళ్ళిపోతారా?" అన్నాడు ఆయన. మెరిడిత్ ఖాళీ అయిన కుర్చీలోకి గబగబా వచ్చి కూర్చుంది.

విషయం మార్చమని అడగొచ్చు. నొప్పించకుండా అలా అడగడానికి ఎన్ని తీర్లున్నాయో అన్నీ ఆ పుస్తకంలో నేర్చుకున్నవే. కలోలైనే అందుకే నోరు తెరిచింది. కానీ ఆరో తరగతి గది కళ్ళముందు కదిలింది. నోట్లోంచి వచ్చింది వేరు. పాటల సాధన అయ్యాక చర్చి వెనక తన చెయ్యి పట్టుకున్న రగ్బీ కుర్రాడి గురించి చెప్పింది. అతను సియోసాయాకి ప్రాణస్నేహితుడు. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉండేదో చెప్పింది. అతన్నే చేసుకుని ఉంటే తన బతుకు ఎలా ఉండేదో కూడా ఆ పుస్తకంలోని మాటలన్నీ ఏరి ఏరి, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. మెరిడిత్ తలాడిస్తోంది, ఆయన పెన్ను పరుగెడుతోంది. కిటికీ రెక్కలు బార్లా తెరిచే ఉన్నాయి. వాటి సందుల్లో తెల్ల చొక్కా భుజం ఒకటి చివరిదాకా కదలకుండా కనిపిస్తూనే ఉంది.

కలోలైనే పాసైంది, అందరికన్నా ఎక్కువ మార్కులతో. ప్రిన్సిపాలుగారు ఆరో తరగతి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. ఇన్నాళ్ళూ పుస్తకాన్నీ మెరిడిత్‌నీ అసహ్యించుకుంది. ఇప్పుడు అద్దంలో కనిపిస్తున్న మొహం మీదే ఆ అసహ్యమంతా వచ్చి పడింది. ఆ పుస్తకమేం అడగాలో అది అడిగింది. జవాబు చెప్పింది తను.

శనివారం మధ్యాహ్నం సెమీసీ కాల్చిన పందిపిల్లని కొబ్బరాకుల బుట్టలో మోసుకుంటూ లోపలికొచ్చాడు. ఇంట్లో అక్కకి శుభం జరిగితే తమ్ముడు తేవాల్సింది అది.

"నీ తమ్ముడు తెచ్చాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు, గేటు దగ్గరే ఇచ్చేసి పోయాడు."

"ఏమన్నా అన్నాడా?" తలెత్తకుండా అడిగింది కలోలైనే.

"అన్నాడు. పరీక్ష రోజు రేకుల మీద వాన హోరుకి వరండాలో ఒక్క ముక్క వినపడలేదని అక్కకి చెప్పమన్నాడు." సెమీసీ బుట్ట దించి, బకెట్లు మోసి కాయలు కాసిన చేతులు తుడుచుకున్నాడు. "ఏ వానే అది?"