గజపతినగరంలో ఆవ ఘాటుకు ఇంగ్లీషు

నేను విజయవాడలో ఇంగ్లీషు చెబుతాను. 2016 మార్చిలో గజపతినగరం ప్రయాణం కట్టింది ఆ పుణ్యానే. అక్కడ మా ఆవిడ అక్క రమణమ్మ వదిన ఇంట్లోనే డబ్బుకు భోజనాలు వండి పెడుతుంది. టూర్ల ఏజెంటు ఒకాయన విదేశీ అతిథులను ఒక పూటకు పంపుతానన్నాడు. వంటల గురించి వదినే ఇంగ్లీషులో చెప్పగలిగితే సీజనంతా పంపుతాడట, లేకపోతే వేరే ఇల్లు చూసుకుంటాడట. ఉన్నపళంగా రమ్మని వదిన నాకు ఫోన్ చేసింది.

రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విజయనగరంలో దిగాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే గజపతినగరం గంట ప్రయాణం, టికెట్ ముప్పై రూపాయల లోపే. దారిలో మాటలు కూర్చుకున్నాను. పులిసిన చోడి అంబలికి, అంటే రాగి అంబలికి, ఒకటి, తాలింపుకు ఒకటి దొరికాయి. పనసపొట్టు కూర దగ్గర బండి ఆగిపోయింది. అందులో ఆవాలు నూరి కలిపే ఆవ పెట్టడాన్ని ఇంగ్లీషులో ఒక్క మాటలో ఏమనాలో నాకు తోచలేదు.

వదిన పొయ్యి దగ్గర తిరుగుతూనే నేను చెప్పిన ఫెర్మెంటెడ్, బిట్టర్, స్ట్రాంగ్ అన్నీ వల్లించింది. నోరు తిరగనివి వస్తే నన్ను తిట్టి వాటిని పక్కన పెట్టింది. మధ్యాహ్నం నలుగురు అతిథులు, ఏజెంటు వచ్చి కూర్చున్నారు. అంబలి గురించి గడగడా చెప్పేసింది. పనసపొట్టు కూర మాత్రం దించి, పళ్ళెంలో ఆరబోసి, నూరిన ఆవ గిన్నె పట్టుకుని నిలబడింది. ఆకలితో ఉన్నారు, వడ్డించెయ్యమని ఏజెంటు విసుక్కున్నాడు. వేడి మీద ఆవ కలిపితే కూరంతా చేదు, ఆగితే బేరం పోయేలా ఉంది. నేను నోరు తెరవబోతుంటే వదిన ఆపింది.

"నువ్వు సెప్పకు మరిదీ. నానే సెప్తాను."

అతిథుల వైపు తిరిగి, "వెయిట్. హాట్ కర్రీ, మస్టర్డ్ బిట్టర్. కూల్ కర్రీ, మస్టర్డ్ స్ట్రాంగ్," అంటూ తన ముక్కు చూపించింది. "దిస్ ఈజ్ ఆవ."

అందరూ బుద్ధిగా ఆగారు. కూర చల్లారాక ఆవ కలిపి వడ్డించింది. మొదటి ముద్దకే ఒకావిడ ముక్కు పట్టుకుంది, కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ మళ్ళీ పళ్ళెం చాచింది. ఏజెంటు అక్కడికక్కడే సీజనంతా ఖాయం చేశాడు. నేను సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.

"ఏటి మరిదీ, మన ఇంగిలీసు నెగ్గీసింది గదా," అంది వదిన.

మన వంట పరాయివాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మాటలు నాలుగు నేర్చుకోవాలి, మనది ఒకటైనా వాళ్ళకు నేర్పాలి. మీరూ వెళ్తే లేత పనస దొరికే రోజుల్లో వెళ్ళండి, ముందురోజే కబురు చెప్పండి. ఆ సాయంత్రం అతిథులు బయల్దేరేటప్పుడు వాళ్ళ కారు డ్రైవరు భోజనంలో ఏం తిన్నారని అడిగితే, పళ్ళెం చాచిన ఆవిడ ఇంగ్లీషు జోలికే పోలేదు. తన ముక్కు చూపించి, "ఆవ" అంది.