తుడిచిన చిలక

మా విశ్వవిద్యాలయంలో కళా మ్యూజియం పెట్టాలనుకున్నప్పుడు మాకున్నవి పాత లైబ్రరీలో రెండు గదులు, కొన్ని తోలుబొమ్మలు. మిగతావన్నీ ఊరూరా తిరిగి అడిగి తేవలసిందే. అడగడానికి మొహమాటం లేనివాణ్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. మార్కాపురంలో జైనబ్బీ అనే పెద్దావిడ ఇంట్లో, చనిపోయిన ఆమె భర్త మస్తాన్ గీసిన చిలక పలక మీద ఇంకా అలాగే ఉందని ఒక విద్యార్థి చెప్పాడు. ఫోన్ చేసి పలక కావాలన్నాను. ఇస్తానంది.

ఉదయం ఆరున్నరకు గుంటూరులో పాసింజరు ఎక్కాను. వినుకొండలో ఎక్కినాయన నా సంగతి విని పగలబడి నవ్వాడు.

"పలక కోసరం ఇంత దూరమా సారూ? మా అటక మీద నాలుగున్నై, అవి గూడా తీస్కపో!"

పదకొండు దాటాక మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో ఊళ్లోకి వెళ్లాను. మీరు వెళ్తే బస్టాండు దగ్గర ఇడ్లీ తినండి. ఆ కారప్పొడికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా రెండోసారి వేయించుకున్నాను.

జైనబ్బీ పలకను చీరముక్కలో చుట్టి సిద్ధంగా ఉంచింది. విప్పితే నల్లగా నిగనిగలాడుతోంది. చిలక లేదు.

"బొమ్మ ఏదమ్మా?"

"తుడిచినా నాయనా. దొండాకు వేసి రుద్దినా," అంది గర్వంగా.

నా ప్రాణం ఉసూరుమంది. పలకల ఫ్యాక్టరీలో మస్తాన్ ప్రతి పలక మీదా బలపంతో ఏదో ఒకటి గీసి, గీత సరిగా పడుతోందో లేదో చూసేవాడట. పక్కనే కూర్చుని ఆమె తడిగుడ్డతో తుడిచి పెట్టెలో సర్దేదట. ఫ్యాక్టరీ మూసిన రోజు గీసిన చిలకను మాత్రం తుడవకుండా ఇంటికి తెచ్చుకున్నారు.

"బయటికి పోయే పలకను తుడవకుండా ఎట్ల పంపేది?" అని నా మొహం చూసి ఆగిపోయింది. "నువ్వొచ్చింది ఆ చిలక కోసరమా?"

ఫోన్‌లో చిలక మాటే ఎత్తలేదు నేను. తప్పు నాదే. ఆమె వేళ్లు పలక మీద చిలక ఉండిన చోట చాలాసేపు ఉండిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

"మీ దగ్గరే ఉంచుకోండమ్మా," అన్నాను. "లేదంటే మీరే గీసివ్వండి."

"నాకు గీసేది రాదు నాయనా. ఆయన గీసినాడు, నేను తుడిచినా. తీస్కపో, నలుగురూ చూస్తారు."

తిరుగు రైల్లో పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఖాళీ పలకను ఏం చూపిస్తావని మావాళ్లు అడుగుతారు. అడగనీ, నాకు మాత్రం మా రెండు గదుల్లోకీ ఇంతకంటే మంచి వస్తువు రాదనిపించింది. దొనకొండ దాటాక జేబులోంచి చీటీ తీసి, పలక కింద అంటించడానికి రాశాను:

"చిలక. గీసినది మస్తాన్. తుడిచినది జైనబ్బీ."